పహిల్వాన్ కట్టిన కట్టు

హైదరాబాదు సంస్థానం మీదికి సైన్యం వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ ఎదురు నిలిచారో, ఎవరు ఎక్కడ చేతులెత్తేశారో పెద్దవాళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. సికింద్రాబాదు బజారులో ఒక ట్యాంకును ఎడమ భుజంతో ఆపిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడి సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ కుర్రవాణ్ణి నేనే. నమ్మకపోతే నా భుజాలు చూడండి, ఎడమది కుడిదానికంటే వేలెడు కిందికి ఉంటుంది.

ఈ కథ ఎన్ని చోట్ల చెప్పానో నాకే గుర్తు లేదు. కాప్రాలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర చెబితే రెండో చాయ్ ఊరికే వచ్చేది. పొద్దున నడకలో కలిసే సైనిక్‌పురి మిలిటరీ ఆయన ఒకరు మాత్రం నన్ను ఇరుకున పెట్టాలని చూశాడు. ఆ ట్యాంకు ఏ రకందో చెప్పమన్నాడు. రకం వెనక రాసి ఉంటుందేమో, నేను ముందు వైపున్నాను అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు గానీ, నన్ను చూసినప్పుడల్లా సెల్యూట్ కొట్టి నవ్వేవాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటింది. సెల్యూట్లు కొట్టిన ఆయన కూడా పోయాడు. కాబట్టి ఒప్పేసుకుంటాను. ట్యాంకు ఆగలేదు. నా భుజానికి తగలలేదు. అసలు నేను దాన్ని చూడనే లేదు.

మాది దూదేకుల ఇల్లు. నమాజుకు వెళ్లేవాళ్లం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. సాయిబులు మనల్ని తెలుగోళ్లంటరు, తెలుగోళ్లు సాయిబులంటరు, దూది మటుకు ఇద్దరికీ కావాలె అని మా నాయన నవ్వేవాడు. బజారు వెనక సందులో ముందు గది దుకాణం, వెనక గది కాపురం. నాయన, అమ్మ, నేను, నాకంటే ఆరేడేళ్లు చిన్నదైన చెల్లెలు. ముందు గదిలో దూలానికి కట్టిన తాడుకు మనిషంత విల్లు వేలాడుతూ ఉండేది. ఎడమ చేత్తో ఆ విల్లు మోస్తూ, కుడి చేతిలోని కొయ్య గుండుతో దాని తీగను మీటితే, తీగ అదురుకు గడ్డకట్టిన దూది విడిపోయి నురగలా లేస్తుంది. చలికాలానికి ముందు ఊరందరి పరుపులూ బొంతలూ విప్పి, ఏకి, మళ్లీ కుట్టాలి. ఆ మూడు నాలుగు నెలల పనే మాకు ఏడాది తిండి. నాయనకు దూది దుమ్ము అప్పటికే ఊపిరితిత్తుల్లో చేరింది. నాలుగు దెబ్బలు కొట్టి ఆగి దగ్గేవాడు. ఆ ఏడు చలికాలానికి విల్లు నాకు అప్పగించి తాను కుట్టుపనికి కూర్చుంటానని బేరగాళ్లందరికీ చెప్పుకున్నాడు.

అంతలో సైన్యం వచ్చింది. పోలీస్ యాక్షన్ అనే మాట మా సందులోకి తరువాత వచ్చింది. ఆ రోజు మాకు తెలిసిందల్లా దుకాణాలు మూతపడ్డాయని, రోడ్డు మీదికి కొందరు పూలదండలు పట్టుకుని పోతున్నారని, మరికొందరు తలుపులు బిగించుకుంటున్నారని. మేం ఏ వైపో తేల్చుకునే తీరిక లేక నాయన తలుపుకు అడ్డగడియ వేసి, దానికి ఆనించి దూది మూటలు పేర్చాడు. బయటికి తొంగి చూస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడు.

గోడకు పైన, చెయ్యి అందనంత ఎత్తున, గాలి కోసం చిన్న కిటికీ ఉండేది. పెద్ద రోడ్డు మీద ఇనుప చక్రాల మోత మొదలై, అటక మీది గిన్నెలు కదలడం మొదలయ్యేసరికి నేనిక ఆగలేకపోయాను. మూటల మీద మూటలు ఎక్కి కిటికీకి ముఖం పెట్టాను. కనబడింది ఎదురింటి గోడ. ఆ గోడ మీద ఒక పిల్లి. కింద మా చెల్లెలు నా కాలు పట్టుకుని ఏం కనబడుతుందని అడుగుతోంది. ట్యాంకులు అన్నాను. ఎంతున్నాయంటే ఏనుగంత అన్నాను. ఒకటి మన సందు వైపే తిరుగుతోంది అన్నాను. చెల్లెలు భయపడి నా కాలు వదిలి పరిగెత్తింది. ఆ కుదుపుకు పై మూట దొర్లింది. ఇంటినిండా అంత దూది ఉంటే, లేనిది ఒక్క జానెడు చోటే, సరిగ్గా అక్కడే పడ్డాను. చాచిన ఎడమ చెయ్యి నేలకు తగిలి భుజం గూట్లోంచి బయటికి వచ్చేసింది.

నొప్పి గురించి గొప్పలు చెప్పను. భుజానికి ఉండే గుండ్రటి వంపు పోయి గోడ మూలలా పలకగా అయింది, ఎముక తల ముందుకు వచ్చి చర్మం కింద నిమ్మకాయలా కనబడింది. చెయ్యి పక్కకు ఎడంగా నిలబడిపోయింది, ఎంత దించబోయినా ఒంటికి ఆనదు. అమ్మ అది చూసి కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపు బయటికి వినబడకూడదని.

పొద్దు వాలాక నాయన వెనక సందులోంచి వెళ్లి పహిల్వాన్‌ని పిలుచుకు వచ్చాడు. ఆయన తాలీంలో కుస్తీ నేర్పేవాడు, జారిన కీళ్లు ఎక్కించేవాడు. మా ఊళ్లో ఎముక బెణికితే ఇప్పటికీ సగం మంది ఆస్పత్రి కంటే ముందు పహిల్వాన్ దగ్గరికే పోతారు. కుస్తీల్లో నలిగి ముద్దలైన చెవులు, ఆవనూనె వాసన, అంత పెద్ద ఒంట్లో చిన్న గొంతు. నన్ను నేల మీద పడుకోబెట్టి పక్కన కూర్చుని, ఎన్ని ట్యాంకులు చూసినవు బేటా అని అడిగాడు. చెల్లెలు చెప్పేసి ఉంటుంది. నేను లెక్క మొదలుపెట్టాను. నా అబద్ధం మూడో ట్యాంకు దగ్గరుండగా ఆయన తన మడమ నా చంకలో ఆనించి, చెయ్యి పట్టి మెల్లగా, ఆపకుండా లాగాడు. లోపల ఏదో డక్కుమని కూర్చుంది. ఆ నొప్పి పోయినంత తొందరగా మరే నొప్పీ నన్ను వదలలేదు.

పరుపుకు తొడిగే చారల గుడ్డ చింపి చెయ్యిని ఛాతీకి కట్టేశాడు. ముడి వీపు వైపు వేశాడు. ఏదో చదివి దాని మీద ఊదాడు.

"రెండు జుమ్మాలు పోనియ్యుండ్రి. నేనొచ్చి విప్పుత. అందాక దీనికి ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

పహిల్వాన్ల కట్టుకు అదొక కట్టుబాటు. ఎవరి చెయ్యి కట్టిందో ఆ చెయ్యే విప్పాలి, వేరేవాళ్లు విప్పితే చేతిగుణం పోతుందని మా వాళ్లందరి నమ్మకం. మామూలు రోజుల్లో దానివల్ల నష్టమేమీ లేదు. కట్టినాయన పక్క సందులోనే ఉంటాడు, చెప్పిన రోజుకు వస్తాడు.

తరువాత రెండు మూడు రోజులకు పహిల్వాన్ బీదరు దిక్కు వెళ్లాడు. ఆయన కూతుర్ని అక్కడొక పల్లెలో ఇచ్చారు. అటు పల్లెల్లో సాయిబుల ఇళ్ల మీద పడుతున్నారని మాటలు వస్తున్నాయి, వెళ్లొద్దని నాయన గట్టిగానే చెప్పాడు. పిల్లను తీసుకుని వెంటనే వస్తానని, వచ్చాక నా కట్టు విప్పుతానని చెప్పి, చంకలో చిన్న మూటతో వెళ్లాడు.

రెండో శుక్రవారం జుమ్మా వచ్చింది. ఆయన రాలేదు. రైళ్లు సరిగ్గా నడవడం లేదనుకున్నాం. ఇంకో జుమ్మా వచ్చింది.

ఆయన భార్యను మేం పెద్దమ్మ అనేవాళ్లం. ప్రతి జుమ్మాకు మధ్యాహ్నం వచ్చేది. అమ్మతో రెండు మాటలు మాట్లాడి, నా వెనక్కి వచ్చి నిలబడేది. ముడిని చూసేది. ఒకసారి దాని కొస దారాలు లేస్తుంటే వేలితో సర్దింది. కట్టు చెక్కుచెదరకుండా ఉంటే ఆమె ముఖం కొంచెం తేటపడేది. అది చూసుకుని వెళ్లిపోయేది.

చలి మొదలైంది. పరుపులు వచ్చి పడ్డాయి. నేను కుడి చేత్తో దూది అందిస్తూ కూర్చునేవాణ్ణి, నాయన విల్లు పట్టేవాడు. ముందు నాలుగు దెబ్బలకు ఒకసారి ఆగేవాడు, తరువాత మూడింటికి ఆగాడు. ఆగినప్పుడు విల్లు దూలానికి వేలాడుతూ ఒక్కటే ఊగేది, ఆయన దానికి తల ఆనించి ఊపిరి పట్టుకునేవాడు. కట్టు కింద నాకు దద్దుర్లు లేచి దురద పెట్టేది. అమ్మ గరిటె కాడకు కొబ్బరినూనె రాసి గుడ్డ కిందికి పోనిచ్చేది. ముడి జోలికి మాత్రం పోయేది కాదు.

పరుపు ఏకించుకోవడానికి బొల్లారం నుంచి వచ్చిన ఒక కాంపౌండరు నన్ను చూసి, ఇన్నాళ్లు కట్టు ఉంచకూడదు, విప్పించి ఆస్పత్రిలో చూపించండన్నాడు. ఆయన వెళ్లాక విప్పేద్దామని నేను నాయనతో అన్నాను. నాయన విల్లు వదిలి నా వైపు తిరిగాడు.

"మనం విప్పినమంటే ఆయన ఇగ రాడని మనమే చెప్పినట్టు రా. గా మాట పెద్దమ్మకు నువ్వు చెప్తవా?"

నేను చెప్పలేకపోయాను. అమ్మా చెప్పలేదు. మేం నలుగురం ఆ ముడిని అలాగే కాపాడుకుంటూ వచ్చాం. లోపల నా భుజం బిగుసుకుపోతోందని మాకు తెలియదు. తెలిస్తే విప్పేవాళ్లమా అని ఇన్నేళ్లలో చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేను.

ఒకరోజు పెద్దమ్మ పొద్దున్నే వచ్చింది. అది జుమ్మా కాదు. అటు దిక్కు నుంచి ఎవరో వచ్చి ఆమెను కలిశారని ముందురోజే సందులో అనుకున్నారు. ఏం చెప్పారో ఆమె మాకు చెప్పలేదు, మేం అడగలేదు. అమ్మ పీట వేస్తే కూర్చోలేదు.

"బేటా, అటు తిరుగు," అంది.

తిరిగాను. ఆమె వేళ్లు నా వీపు మీద పనిచేస్తున్నాయి. ఎక్కడ లాగితే వస్తుందో ఆమెకు తెలుసు, తన ఇంట్లో ఎన్నేళ్లుగానో చూసిన ముడి. గుడ్డ వదులైంది. ఆమె దాన్ని చుట్టచుట్టి, మురికిగా ఉంది ఉతికిస్తానని అమ్మ చెయ్యి చాచినా ఇవ్వకుండా, తన వెంట తీసుకుపోయింది. మంచినీళ్లు మాత్రం తాగింది. నాయన విల్లు పట్టుకుని నిలబడినవాడు అలాగే నిలబడి ఉన్నాడు.

ఆమె గడప దాటాక నేను చెయ్యి లేపబోయాను. లేవలేదు. మోచెయ్యి ఒంటినుంచి బెత్తెడు కదిలి ఆగిపోయింది, లోపల ఎవరో గడియ వేసినట్టు. నొక్కి లేపితే భుజం చెవి దాకా లేచింది గానీ చెయ్యి అక్కడే ఉంది. ఆమె అది చూడకుండా వెళ్లినందుకు అమ్మ దేవుడికి మొక్కింది.

ఆస్పత్రిలో డాక్టరు నిదానస్తుడు. చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎముక ఉండాల్సిన చోటే ఉందనీ, ఎక్కించిన మనిషి బాగా ఎక్కించాడనీ అన్నాడు. అప్పుడు నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కీలు చుట్టూ పలచని సంచిలాంటి పొర ఉంటుందట. చెయ్యిని ఎక్కువ రోజులు కదలనివ్వకపోతే అది ముడుచుకుని అతుక్కుపోతుందట. మందుతో విడిపోయేది కాదు, రోజూ కొంచెం కొంచెం కదిలించి సాగదీయాలి, నెలలు పట్టొచ్చు అన్నాడు. లాగినట్టుండే నొప్పి వస్తే భయపడొద్దు, చేసిన కాసేపటికి తగ్గిపోతుంది. పొడిచినట్టు వచ్చి మర్నాటికీ ఉంటే మోటుగా చేశావని అర్థం. పంతానికి పోయి ఒక్కరోజులో లేపాలని చూడొద్దని రెండుసార్లు చెప్పాడు. నా ముఖం చూసి చెప్పి ఉంటాడు.

దారిలో నాయన నాకు అదే సంగతి మా భాషలో చెప్పాడు. "పాత పరుపుల దూది గడ్డకట్టదా? దాన్ని ఒక్కటే సారి గట్టిగ కొడితే తునకలైతది. అంచు కాడ షురూ చేసి జెరంత జెరంత ఇడిపియ్యాలె. గిది సుత గంతే."

అలా మొదలైంది. పొద్దున బల్ల మీదికి వంగి, కుడి చెయ్యి ఆనించి, ఎడమ చెయ్యిని గడియారం లోలకంలా వేలాడేసి ఊపేవాణ్ణి. సాయంత్రం నాయన దూలానికున్న తాడు నుంచి విల్లు తప్పించి మేకుకు తగిలించేవాడు. ఆ తాడునే దూలం మీదుగా వేసి, ఒక కొస కుడి చేత్తో లాగుతూ రెండో కొస పట్టుకున్న ఎడమ చెయ్యిని పైకి రప్పించేవాణ్ణి. తరువాత గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో చీమలా పైకి పాకించేవాణ్ణి. ఎక్కడ ఆగితే అక్కడ చెల్లెలు బొగ్గుతో గీత పెట్టేది.

ఆ గీతల్లో కూడా నేను పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆమె లేనప్పుడు పాతది చెరిపి జానెడు పైన పెట్టాను. మర్నాడు ఆమె గోడ దగ్గర నిలబడి చూసింది.

"నిన్న గీత నా నెత్తి కాడుండె. ఇయ్యాల తలుపు మీదికి పోయింది. నీ చెయ్యి లేసిందా, నేను పొట్టిగైనానా?"

ఆమెను బతిమాలి నోరు మూయించాను. ఎందుకంటే నాయన కుట్టుపని ముందు కూర్చుని రోజూ ఒకటే అడిగేవాడు, ఎందాక వచ్చిందని. ఆయనకు అప్పటికి మాట్లాడటానికే రెండు ఊపిర్లు కావాల్సి వచ్చేది. నా చెయ్యి విల్లు మోసేదాకా తాను నిలవాలని ఆయన ఆశ. ఆయన చూస్తుండగా మోయాలని నా ఆశ. తలుపు దాకా వచ్చింది నాయనా అనేవాణ్ణి. ఆయన గోడ వైపు చూసి, మంచిది మంచిది అని మళ్లీ సూది అందుకునేవాడు.

నిజంగా వచ్చినవి చిన్న చిన్నవి. ఒకరోజు వెనక జేబులోకి చెయ్యి పోయింది. చాలా రోజులకు తల దువ్వుకోగలిగాను. మధ్యలో మోటుగా తాడు లాగి వారం పాటు నిద్ర లేకుండా చేసుకున్నాను, వెనక్కి పోయాను, మళ్లీ మొదటి నుంచి పాకించాను. పెద్దమ్మ మళ్లీ మా ఇంటికి రాలేదు. తాలీం మట్టి ఎండిపోయింది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నేను ఎడమ చెయ్యిని చొక్కాలోకి దాచుకునేవాణ్ణి, పహిల్వాన్ పని పాడైందని ఆమె అనుకోకూడదని.

ఇక ఇప్పుడు రాసేదాంట్లో ఒక్క అక్షరం కూడా పెంచడం లేదు. చలి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున నా ఎడమ చెయ్యి చెవి పక్కగా నేరుగా పైకి లేచింది. నాయన చూశాడు. పక్క మీంచి లేచి, గోడ పట్టుకుని నడిచి, మేకుకున్న విల్లు దించి తన చేత్తో నా ఎడమ చేతిలో పెట్టాడు. నేను తీగ మీటాను. ఆయన మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని విన్నాడు. తీగ జెర బిగియ్యి అన్నాడు. బిగించాను. మళ్లీ మీటాను. ఇప్పుడు మంచిగుంది అన్నాడు. ఆ వారంలోనే పోయాడు. నా పని విని పోయాడు.

ఇంతవరకు రాసి పోయిన ఆదివారం చెల్లెలికి చదివి వినిపించాను. బొల్లారం నుంచి నన్ను చూడటానికి వచ్చింది. కళ్లలో పొర వచ్చి ఆమెకు అక్షరాలు కనబడవు. ట్యాంకు కాడ నవ్వింది, ఇన్నాళ్లకైనా ఒప్పుకున్నవ్ అంది. పెద్దమ్మ ముడి విప్పిన చోట కొంగుతో కళ్లు తుడుచుకుంది. చివరికి వచ్చాక ఎట్లుంది అని అడిగాను. మళ్లీ అడిగాను.

"నాయిన ఇనలే అన్నా," అంది. "నాయిన చలిల్నే పాయె. జనాజా లేపెటప్పుడు నేను గడప కాడ నిలబడి చూసిన. అందరు జెర దూరం నడిచి భుజం మారుస్తున్నరు. నువ్వు కుడి భుజం మీద పెట్టినోనివి సందు దాటెదాక మార్చలే. ఎడమ చెయ్యి అప్పటికి లేవనే లేదు. విల్లు నీకు ఎవ్వరియ్యలే. మేకుకు ఉండె. ఎండకాలంల నువ్వే తీసుకున్నవ్."